డబ్బాలో సిరా ఎంత, డబ్బా ఎంత

(నల్గొండలో డిగ్రీ విద్యార్థుల ముందు, ప్లాస్టిక్ అచ్చుల తయారీలో చాలా ఏళ్లు పనిచేసిన ఒక డిజైనర్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా అక్కడక్కడా సరిచేసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే.

ఈ బల్ల మీది సామాను చూసి ఈయనేదో అమ్ముకోవడానికి వచ్చాడని కొందరు అనుకుంటున్నట్టున్నారు. అమ్మేదేమీ లేదు, ఇదంతా చెత్త. ఇక్కడే క్లాక్ టవర్ దగ్గర మా తమ్ముడికి జిరాక్స్ షాపు ఉంది. ఆ షాపు వెనక రెండు నెలల్లో జమైన దాంట్లోంచి ఏరుకొచ్చాను. మా మరదలు చూసి, "పండుగకొచ్చి చెత్త ఏరుడేంది బావా" అని ఒకటే నవ్వు.

మాది నకిరేకల్. ప్లాస్టిక్ పని నేర్పే చర్లపల్లి సిపెట్‌లో డిప్లొమా చేశాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా అచ్చుల పనే. అచ్చు అంటే మీ పుస్తకాల్లో అచ్చు కాదు, డై. మూతలు, డబ్బాలు, సీసాలు దించే ఇనప అచ్చు. కాబట్టి ఊళ్లో మీరు చూసే చెత్తకుప్పల్లో నా వాటా కూడా కొంత ఉంది. అది ముందే ఒప్పుకుని మొదలుపెడుతున్నాను, తర్వాత మీరు అడిగే బాధ లేకుండా.

మా తమ్ముడి షాపు ముందు మీలో చాలామంది నిలబడే ఉంటారు. స్కాలర్‌షిప్ ఫారం, ఆదాయ సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, హాల్ టికెట్, రైతులకైతే పహాణీ. "అన్నా, జర తొందరగ తియ్యి, ఆఫీసు బంద్ అయితది" అని అరుపులు. అన్నీ ఆన్‌లైన్ అయ్యాయి, ఇక కాగితం పోతుందన్నారు. ఆన్‌లైన్ అయ్యాకే మావాడు రెండో ప్రింటర్ కొన్నాడు! కాగితం సంగతి ఇవాళ వదిలేద్దాం. ఆ కాగితం మీద పడే సిరా ఏ బట్టలు తొడుక్కుని షాపుకొస్తుందో చూద్దాం.

ముందు బెంచీలో ఉన్న అమ్మాయి, నువ్వేనమ్మా, ఇలా రా. ఇది కొత్త కార్ట్రిడ్జ్, అంటే ప్రింటర్‌లో పెట్టే సిరా డబ్బా, సీలు తీయనిది. ఇవాళ్టి కోసం డబ్బులు పెట్టి కొన్నాను. చెత్త కానిది ఇదొక్కటే, అది కూడా పది నిమిషాల్లో చెత్తయిపోతుంది. విప్పు. తొందరేం లేదు, తీసిందల్లా వరసగా బల్ల మీద పెట్టు.

చూడండి. మొదట అట్టపెట్టె. లోపల మడత పెట్టిన ఇంకో అట్ట. దాని లోపల వెండి రంగు కవరు. ఈ కాగితమేంటి? వాడే విధానం. ఎన్ని భాషలున్నాయో చూడు, తెలుగు కోసం నేను వెతికాను, దొరకలేదు. ఇప్పుడు కవరు చింపు. చేత్తో రాదు, అందుకే కత్తెర తెచ్చాను. వచ్చింది. కార్ట్రిడ్జ్‌కు రంగు ప్లాస్టిక్ తొడుగు, దాని కింద టేపు. మొత్తం ఆరు వస్తువులు. సిరా ఇంకా కనపడనే లేదు.

ఇంకోటి విప్పాలి. ఇది వాడేసిన కార్ట్రిడ్జ్. నిన్న రాత్రి హ్యాక్సా బ్లేడుతో కోసి పెట్టాను. లోపల ఏముంది? స్పాంజి. గిన్నెలు తోముకునే స్పాంజి లాంటిదే. సిరా దీంట్లో పీల్చుకుని ఉంటుంది, లేకపోతే కింది రంధ్రాల్లోంచి బొట్లు బొట్లుగా కారిపోతుంది. ఆ రంధ్రాలు తల వెంట్రుక కన్నా సన్నం, వందల సంఖ్యలో ఉంటాయి. ఈ రకం దాంట్లో సిరాను క్షణంలో వేడిచేసి, చిన్న బుడగ పుట్టించి, ఆ బుడగతో చుక్కను బయటికి తోయిస్తారు. అద్భుతమైన పనితనం, అందులో అనుమానం లేదు. దాన్ని సిరా అయిపోగానే పారేస్తాం. పెన్నులో ఇంకు అయిపోయిందని పాళీతో సహా విసిరేసినట్టు.

ప్రకాశం బజార్‌లో తెలిసిన వెండి షాపాయన దగ్గర ఈ చిన్న త్రాసు అడిగి తెచ్చుకున్నాను. ఒక పళ్లెంలో ఈ కార్ట్రిడ్జ్‌లో పట్టేంత సిరా. రెండో పళ్లెంలో ఇప్పుడు మీరు చూసిన ప్లాస్టిక్, స్పాంజి, కవరు. అట్ట పెట్టడం లేదు, పాపం దాన్ని వదిలేద్దాం. ఎటు దిగింది? అట్ట లేకుండానే డబ్బా వైపు దిగింది.

మరి డిజైనర్ ఏం చేయాలి? నేను నేర్చుకున్న పద్ధతి ఒక్కటే. బల్ల మీద ఉన్న ఒక్కోదాన్నీ పట్టుకుని "నీ పనేంటి?" అని అడగాలి. జవాబు చెప్పగలిగింది ఉండాలి. చెప్పలేనిది పోవాలి. చెప్పిన జవాబు ఎప్పటిదో, ఇప్పటికీ నిజమో కాదో కూడా చూడాలి.

వెండి కవరునే అడుగుదాం. అందరూ ముందు దీని మీదే పడతారు, కానీ దీని దగ్గర గట్టి జవాబుంది. ప్రింటర్ సిరాలో ఎక్కువ భాగం నీళ్లే. మామూలు ప్లాస్టిక్‌లోంచి నీటి ఆవిరి నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటుంది, మన కంటికి కనపడదంతే. గోదాములో ఏడాది కూర్చున్న కార్ట్రిడ్జ్ రంధ్రాలు ఎండిపోతే ఇక అది దేనికీ పనికిరాదు. అందుకని ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం పొర పెట్టి, గాలి తీసేసి మూస్తారు. పని చేస్తోంది, కాదనలేం. అయితే ఆ పొరల్ని మళ్లీ విడదీయడం మహా కష్టం. చిప్స్ పాకెట్ ఎందుకు ఎవరూ కొనరో ఇదీ అందుకే కొనరు. "పాత ఇనప సామాన్లు, ప్లాస్టిక్ కొంటాం" అని మైకు పెట్టుకుని బండి మీద తిరిగే అన్నకు ఇచ్చి చూడండి, మీ మొహం చూసి బండి స్టార్ట్ చేస్తాడు.

అంటే కవరు తీసేయమని కాదు. ఆ కవరు చేసే పనిని ఇంకెవరైనా తక్కువలో చేయగలరా అని చూడాలి. ఆరేది ఎక్కడ? రంధ్రాల దగ్గర. రంధ్రాలున్న తలను ప్రింటర్‌లోనే ఉంచేసి, సిరా ఒక్కటే పంపితే? అప్పుడు కవరే అక్కర్లేదు. నీటి ఆవిరిని బాగా ఆపే గట్టి సీసా, మూతి మీద రూపాయి బిళ్లంత రేకు సీలు, చాలు.

చిన్న షాపుల ప్రింటర్లకు ఈ ఆలోచన పెద్ద పెద్ద ల్యాబుల నుంచి రాలేదు. రోడ్డు పక్క మెకానిక్కులకు పుట్టింది. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట జిరాక్స్ షాపుల్లో చూసే ఉంటారు, మీరు చూడకపోతే మీ నాయనను అడగండి. ప్రింటర్ పక్కన నాలుగు రంగుల డబ్బాలు, వాటిలోంచి సెలైన్ పైపుల్లాంటి సన్నటి గొట్టాలు లోపలికి. ప్రింటర్ ఐసీయూలో ఉన్నట్టుండేది. ఇక్కడే కాదు, ఇండోనేషియాలో కూడా అదే పని. ఎప్సన్ కంపెనీ అది గమనించి, ట్యాంకులు తానే పెట్టి 2010లో మొదట ఇండోనేషియాలోనే ఎల్ సిరీస్ ప్రింటర్లు అమ్మింది. తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. గొట్టాలు తగిలించిన ఆ మెకానిక్కుల పేర్లు ఎక్కడా రాసి లేవు.

ఇప్పుడు లెక్క చూడండి. మా తమ్ముడు వాడే 003 నంబరు నల్ల సిరా సీసాలో 65 మిల్లీలీటర్లు. దాంతో సుమారు 4,500 పేజీలు వస్తాయని కంపెనీ చెబుతుంది. మన దగ్గర చవక ప్రింటర్లలో వేసే చిన్న నల్ల కార్ట్రిడ్జ్‌లు చాలావాటికి 120 నుంచి 200 పేజీలు. 200 చొప్పునే వేసుకోండి, 4,500 పేజీలకు ఇరవై రెండున్నర కార్ట్రిడ్జ్‌లు. అదిగో ఆ మూల కట్టి పెట్టిన సంచి, అందులో సరిగ్గా ఇరవై రెండున్నాయి. నా చేతిలో ఇది ఒక్క సీసా. ఇక దీనికి ఉపన్యాసం అక్కర్లేదు.

అయినా సీసాను కూడా వదలొద్దు, దాన్నీ అడగాలి. ఈ మెడ చూడండి. లోపల వాల్వు ఉంటుంది. తలకిందులు చేసినా కారదు, ట్యాంకు మూతికి ఆనిస్తేనే సిరా దిగుతుంది, ట్యాంకు నిండగానే ఆగుతుంది. పైగా నల్ల సీసా నల్ల ట్యాంకులోనే కూర్చుంటుంది, పసుపు ట్యాంకుకు పెడితే పట్టదు. పాత సీసాలకు ఇవేవీ లేవు, మెడ మామూలుగా ఉండేది, ప్లాస్టిక్ తక్కువే. కానీ మావాడు ఒకసారి కరెంటు పోయినప్పుడు తొందరలో పసుపు ట్యాంకులో నీలం పోశాడు. మూడు రోజులు ఊళ్లో ఫొటోలన్నీ ఆకుపచ్చ మొహాలతో వచ్చాయి. ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, పారబోసిన సిరా ఎంతో! కాబట్టి మెడలో ఆ కాస్త ప్లాస్టిక్ పెరిగితే నేను తప్పు పట్టను. అది జవాబు చెప్పగలదు.

ప్లాస్టిక్ తగ్గించడమంటే పల్చన చేయడమే అనుకునే రోజులు నాకూ ఉండేవి. ఒక ఫినాయిల్ సీసా డిజైన్ నా చేతికొచ్చింది. కంపెనీ పేరు ఎందుకులెండి. గోడ పల్చన చేసి, ఒక్కో సీసాకు ఇన్ని గ్రాములు మిగిల్చానని మీటింగులో చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. మే నెలలో లోడు మిర్యాలగూడ బయల్దేరింది. మన ఎండలు తెలుసు కదా. లారీ చేరేసరికి కింది వరసల్లో సీసాలు నడుం వంగి, మూతులు తెరుచుకుని, లారీ అంతా ఫినాయిల్. డ్రైవర్ దిగి, "సార్, హైవే మొత్తం కడుక్కుంటూ వచ్చిన" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. మిగిల్చిన గ్రాములన్నీ ఆ ఒక్క లోడుతో పోయాయి.

నా గోడ పల్చనవడం ఒక కారణం. రెండోది అట్టపెట్టె. ఈ అట్టను పక్కనుంచి చూడండి, మధ్యలో అలల్లాగా గీతలున్నాయి. ఆ అలలు నిలువుగా నిలబడితేనే పెట్టె బరువు మోస్తుంది, స్తంభాల్లాగా. పెట్టెను పక్కకు పడుకోబెట్టి లోడు చేస్తే అలలు అడ్డం పడతాయి, బరువంతా సీసాల నెత్తిన పడుతుంది. మేం "ఇటు పైకి" అని బాణం గుర్తు వేయలేదు. తర్వాత గోడ మందం అంతే ఉంచి, సీసా నడుముకు రెండు వంపు గీతలు పెట్టాం, రిబ్స్ అంటాం. పెట్టె మీద బాణం వేశాం. ఆగిపోయింది. ప్లాస్టిక్ ఒక్క గ్రాము కూడా పెంచలేదు.

సిరా సీసాకూ ఇదే వర్తిస్తుంది. అది పగిలితే పోయేది దాని ప్లాస్టిక్ ఒక్కటే కాదు.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. గాజు గ్లాసులో నీళ్లు. ఇది నీళ్ల సీసా ముక్క, పెట్ అనే రకం ప్లాస్టిక్. వేస్తున్నాను. మునిగింది. ఇది దాని మూత ముక్క. తేలింది. రీసైక్లింగ్ యూనిట్లో చేసేదీ ఇదే, గ్లాసు బదులు పెద్ద తొట్టి. ముక్కలు చేసి నీళ్లలో వేస్తే మూతలు పైకి, సీసాలు అడుక్కి. సీసా, మూత వేరువేరు ప్లాస్టిక్‌లైతే తలనొప్పి అని చాలామంది అనుకుంటారు. ఒకటి మునిగి ఒకటి తేలితే ఏ నొప్పీ లేదు. నొప్పంతా దీనితో: సీసాకు చుట్టే ఈ మెరిసే తొడుగు, పీవీసీది. వేస్తున్నా చూడండి. ఇదీ మునిగింది. పెట్‌తో పాటే అడుగున కూర్చుంది, ఇక ఏరడం కష్టం. కలిసి కరిగిస్తే మొత్తం సరుకు పాడవుతుంది. సీసా మీద బొమ్మలు ఇంకా బాగా రావాలని ఎవరో గదిలో కూర్చుని తీసుకున్న నిర్ణయం అది.

నలుపు రంగు కూడా అంతే. పెద్ద ప్లాంట్లలో ప్లాస్టిక్‌ను యంత్రాలు పరారుణ కాంతి వేసి గుర్తుపడతాయి. మసి కలిపిన నల్ల ప్లాస్టిక్ ఆ కాంతిని మింగేస్తుంది, యంత్రానికి ఏమీ కనపడదు. మన కార్ట్రిడ్జ్ ఏ రంగు? లోపల సిరా నలుపైతే బయట డబ్బా నలుపు ఎందుకుండాలి, మూత మీద నల్ల చుక్క ఉంటే సరిపోదా? నాకు తెలిసి దీనికి మంచి జవాబు లేదు.

(ఒక విద్యార్థి: సార్, సిరాలో ఎక్కువ నీళ్లే అన్నారు. మరి పొడి పంపితే ఇక్కడే నీళ్లు కలుపుకోవచ్చు కదా?)

శభాష్, కూర్చో. ఈ ప్రశ్న నల్గొండలోనే అడగాలి. మా నాయన బడికెళ్లే రోజుల్లో సిరా బిళ్లలుండేవి, నీళ్లలో కరిగించి పెన్నులో పోసుకునేవారు. పెన్ను పాళీ చీలికకు అది సరిపోయింది. వెంట్రుక కన్నా సన్నటి రంధ్రానికి సరిపోదు. ఇంటికెళ్లాక మీ బోరు నీళ్లు చిన్న గిన్నెలో పూర్తిగా ఇగిరిపోయేదాకా మరిగించి చూడండి. అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ పొర రంధ్రాల్లో కట్టిందనుకోండి, ప్రింటర్ పని అయిపోయినట్టే. అందుకే సిరాకు లవణాలన్నీ తీసేసిన నీళ్లు కావాలి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి మళ్లీ దారిలోకొస్తాను. ఫ్లోరైడ్ అంటే మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, మర్రిగూడ వైపు ఎముకలు వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగాం. ఆ ఫ్లోరైడ్ తీయడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ వాళ్లు 1970లలో ఒక పద్ధతి తయారుచేశారు. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్. కలపాలి, తేరనివ్వాలి, వడకట్టాలి. దాని పేరే నల్గొండ టెక్నిక్. విదేశీ పుస్తకాల్లో కూడా అదే పేరు. దాని లోపాలు దానికున్నాయి, నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉంటే అంత పటిక కావాలి, అడుగున బురద మిగులుతుంది. అయినా బకెట్టుతో చేయగలిగిన డిజైన్ అది. డిజైన్ అంటే కంప్యూటర్‌లో గీసే బొమ్మ అని మీరు అనుకుంటారని ఈ ముక్క చెప్పాను.

లేజర్ ప్రింటర్ల గురించి తొందరగా చెప్పేస్తాను. ఆ టోనర్ పొడి ఉంది కదా, అది ముఖ్యంగా ప్లాస్టిక్ పొడే. వేడి రోలర్ దాన్ని కరిగించి కాగితానికి అంటిస్తుంది. జిరాక్స్ కాగితం వేడిగా చేతికొచ్చేది అందుకే. ఆ టోనర్ డబ్బాను గాలి నింపిన ప్లాస్టిక్ దిండ్ల మధ్య పెట్టి పంపేవారు, ఇప్పటికీ కొందరు పంపుతారు. దాని బదులు ఇదిగో. ఇదేంటో చెప్పండి. అవును, గుడ్ల ట్రే. పాత కాగితాన్ని నానబెట్టి, గుజ్జు చేసి, అచ్చులో ఒత్తి ఆరబెట్టింది. ముప్పై గుడ్లు పగలకుండా కోళ్ల ఫారం నుంచి కిరాణా కొట్టుకు వస్తున్నాయి. టోనర్ డబ్బా గుడ్డు కన్నా సుకుమారమా? కొన్ని కంపెనీలు ఈ గుజ్జు అట్టలకు మారాయి. తడిస్తే మెత్తబడుతుంది, అదొక్కటే దాంతో చిక్కు.

ఇక చట్టం. ఇది బోరు కొడుతుంది కానీ ఒక తమాషా ఉంది, వినండి. వాడేసిన కార్ట్రిడ్జ్ చట్టం ప్రకారం ఈ-వేస్ట్. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల జాబితాలో ప్రింటర్లు, వాటితో పాటు కార్ట్రిడ్జ్‌లు అని స్పష్టంగా ఉంది. సిరా సీసా మాత్రం ప్లాస్టిక్ ప్యాకేజింగ్ కిందికి వస్తుంది, గట్టి ప్లాస్టిక్, ఒకటో కేటగిరీ. వెండి కవరు మూడో కేటగిరీ, అంటే ప్లాస్టిక్‌తో వేరే పొరలు కలిసినది. ఒకే షాపు, ఒకే చెత్తబుట్ట, రెండు చట్టాలు. చెత్త ఆటో మాత్రం ఒక్కటే వస్తుంది, తడి, పొడి అని రెండు గదులతో.

2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో రీసైకిల్ చేసిన సరుకు 2025-26లో 30 శాతం ఉండాలి, 2028-29కి అది 60 శాతానికి పెరగాలి. మంచిదే. డబ్బాను మళ్లీ నింపి వాడాలన్న లక్ష్యం కూడా పెట్టారు, కానీ అది 0.9 లీటర్ల నుంచి పై సైజులకే. మన సీసా ఎంత? 65 మిల్లీలీటర్లు. జల్లెడ రంధ్రంలోంచి జారిపోయింది. నన్నడిగితే జిరాక్స్ షాపులకు లీటరు డబ్బా ఇవ్వాలి. ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు సిరా లీటర్ల లెక్కన డబ్బాల్లోనే కొంటారు. నాయకుల పుట్టినరోజులకు లీటర్లలో దొరికే సిరా, పిల్లల హాల్ టికెట్లకు మిల్లీలీటర్లలో ఎందుకు?

ఒకటి మిగిలింది, చిప్పు. కార్ట్రిడ్జ్ మీద ఈ రాగి చుక్కలు చూడండి. వీటి ద్వారానే ప్రింటర్ దాన్ని గుర్తుపడుతుంది. మళ్లీ సిరా నింపి పెడితే "ఇది ఖాళీ" అంటుంది, నిండుగా ఉన్నా సరే. 2017లో అమెరికా సుప్రీంకోర్టు, లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ల కంపెనీ కేసులో, కార్ట్రిడ్జ్ ఒకసారి అమ్మేశాక దాన్ని నింపి అమ్ముకునేవాళ్లను పేటెంటు పేరుతో ఆపలేరని తీర్పు చెప్పింది. కోర్టు ఆపలేరంది, చిప్పు మాత్రం ఆపుతూనే ఉంది. సిరంజితో సిరా ఎక్కించి బతికే కుర్రాళ్లు మన ఊళ్లో ఎంతమందో ఉండేవాళ్లు, ఇప్పుడు ఫోన్ల రిపేరుకు మళ్లారు. ఎంత పల్చన చేసినా, ఏ ప్లాస్టిక్ వాడినా, ఉన్న డబ్బా ఇంకో మూడుసార్లు నిండనివ్వడంతో ఏదీ సాటి రాదు. అచ్చులు చేసి బతికినవాణ్ణి, నా నోటితో చెబుతున్నాను, నాకు గిరాకీ తగ్గినా సరే.

టైమ్ అయిందని మేడం గారు చూస్తున్నారు. ఆ మూల సంచిలోవి కాక ఇంకో రెండు బస్తాలు ఆటోలో ఉన్నాయి. ఇద్దరిద్దరు కలిసి ఒకటి తీసుకోండి. పూర్తిగా విప్పి, ఒక్కో ముక్క పక్కన దాని పనేంటో ఒక చీటీ రాసి పెట్టండి. ఏమీ తోచని ముక్కకు ఖాళీ చీటీ పెట్టండి. వచ్చే శనివారం మళ్లీ వస్తాను, ఆ ఖాళీ చీటీలవే నాకు కావాలి. విప్పిన ముక్కలు కూడా పారేయకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు నేనే అప్పగిస్తాను. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, లేకపోతే కవరైనా చుట్టుకోండి. పసుపు రంగు సంగతి సరే, ఆ నీలం ఉంది చూశారూ, మూడు రోజులైనా వదలదు.